నీరు తగ్గిన ఏడు పాడి రైతుకు నష్టమెంత?

మన సంఘాల్లో కాలువ నీళ్ల మాట వచ్చినప్పుడల్లా అది వరి రైతు సంగతిగానే సాగిపోతుంది. ఎన్ని ఎకరాలు ఉడుపు పడలేదు, ఎన్ని ఎకరాలు ఎండిపోయింది, ఎకరాకు ఎన్ని బస్తాలు పోయాయి అన్నంతవరకే చర్చ. నష్టం అంచనా వేయడానికి వచ్చే ఉద్యోగి కూడా గట్టు మీద నిలబడి పొలం చూసి వెళ్తాడు, పశువుల శాలలోకి తొంగిచూడడు. తప్పు ఆయనది కాదు. ఆయన చేతిలోని ఫారంలో శాలకు గడి లేదు.

మేము ఈ వ్యాసంలో చెప్పదలచినది ఒక్కటే. నీటి ఎద్దడి వల్ల చిన్న రైతుకు కలిగే నష్టంలో ఇంచుమించు సగం శాలలోనే కలుగుతుంది. అయితే అది పొలం నష్టంలాగా ఒక్కసారి కనబడదు. ఏడాదిన్నర, రెండేళ్లపాటు కొంచెం కొంచెంగా వస్తుంది. అందుచేత అది నీళ్ల వల్ల వచ్చిన నష్టమని రైతు కూడా గుర్తించడు. గేదె జాతి మంచిది కాదనీ, సూది వేసినవాడు సరిగా వేయలేదనీ, పాలకేంద్రంలో కొలత తప్పనీ అనుకుంటాడు. సంఘ అధ్యక్షులూ కార్యదర్శులూ ఈ లెక్కను ఒకసారి ఓపికగా చదివి, తమ ఊరి అంకెలు వేసి చూడవలసిందిగా కోరుతున్నాం.

వానలున్న జిల్లాలో ఎద్దడి ఎందుకు?

అనంతపురం జిల్లాలో ఏటా పడే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మన శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో అందుకు రెట్టింపు, అంటే 1,100 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. వంశధార, నాగావళి ఒడిశా కొండల్లో పుట్టి మన పొలాల మీదుగా సముద్రానికి పోతాయి. సువర్ణముఖి, చంపావతి, గోస్తని, మహేంద్రతనయ ఉన్నాయి. లెక్కలేనన్ని గెడ్డలు, వేల సంఖ్యలో చెరువులు ఉన్నాయి. బయటివారికి మన జిల్లాల్లో నీటి ఎద్దడి అంటే నమ్మబుద్ధి కాదు.

చిక్కంతా వాన పడే కాలంలోనూ నీరు నిలిచే చోటులోనూ ఉంది. గొట్టా బ్యారేజీ నదిలో పారే నీటిని కాలువలోకి మళ్లించే కట్టడమే కాని చెప్పుకోదగ్గ నిలవ ఉన్న జలాశయం కాదు. నదిలో నీరుంటే కాలువలో ఉంటుంది, లేకపోతే లేదు. పుష్యమి, ఆశ్లేష కార్తెల్లో ఉడుపులకు నీరు కావలసి వచ్చినప్పుడు పైన ఒడిశాలో వాన లేకపోతే కాలువ పాదం తడిపేంత పారుతుంది. అదే చిత్త కార్తెలో తుపాను పట్టిందంటే లక్షల క్యూసెక్కులు కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చేలన్నీ నీళ్లలో మునిగాయి. ఆ నీళ్లలో పదో వంతు ఆగస్టులో ఉంటే ఎంత బాగుండునని రైతు అనుకుంటే ఆశ్చర్యం లేదు.

వంశధార నీటిని ఆంధ్ర, ఒడిశా చెరిసగం వాడుకోవాలని 1962లోనే ఒప్పందం కుదిరింది. నదిలో నీటి లభ్యత 115 టీఎంసీలుగా అంచనా వేసుకున్నందున మన వాటా 57.5 టీఎంసీలు. నేరడి బ్యారేజీ గురించి వివాదం నడిచి, 2010లో ట్రిబ్యునల్ ఏర్పడి, 2017లో బ్యారేజీకి అనుకూలంగా తీర్పు వచ్చింది. హిరమండలంలో 19 టీఎంసీల నిలవకు రిజర్వాయరు తలపెట్టారు. నాగావళి మీద తోటపల్లి దగ్గర 1908 నాటి పాత రెగ్యులేటరు స్థానంలో కొత్త బ్యారేజీ 2015లో ప్రారంభమైంది. కొమరాడ మండలంలో జంఝావతికి ఒడిశా వైపు భూమి మునిగే తగాదా తెగక, 2006లో రబ్బరు డ్యాము వేసి కొంత ఆయకట్టుకైనా నీరిచ్చారు. తాటిపూడి నీటిలో పొలానికీ విశాఖ నగరపు కుళాయికీ వాటా ఉంది. ఇవన్నీ పెద్దల స్థాయిలో తేలవలసినవి. వీటిని ఇక్కడ ప్రస్తావించడం ఎందుకంటే, కాగితం మీది ఆయకట్టుకూ తడిసిన ఆయకట్టుకూ మధ్య తేడా ఎలా వస్తుందో తెలియడానికి.

ఆ తేడా అందరి మీదా సమానంగా పడదు. వంశధార ఎడమ ప్రధాన కాలువ హిరమండలం దగ్గర బయలుదేరి టెక్కలి, నందిగాం, పలాస, వజ్రపుకొత్తూరు వైపు నూరు కిలోమీటర్లకు పైగా సాగుతుంది. దాని కింద 1,48,000 ఎకరాలకు పైగా ఆయకట్టు చూపించారు. నీరు చాలని ఏడు కాలువ మొదట్లో ఉన్న ఊళ్లకు ఉడుపు వారం పది రోజులు ఆలస్యమవుతుంది. శివారు ఊళ్లకు ఉడుపే ఉండదు. ఒకే కాలువ, ఒకే నీటి తీరువా, ఒకే పాల సమితి అయినా రెండు ఊళ్ల పాడి రెండు తీరుల్లో ఉండడానికి కారణం ఇది.

ఎకరా గడ్డి, ఒక గేదె

పొలానికీ శాలకూ మధ్య వంతెన వరిగడ్డి. మన ప్రాంతంలో పచ్చిమేతకని విడిగా భూమి వదిలే రైతు తక్కువ. గట్ల మీద గడ్డి, బీళ్లలో మేపు, మిగిలినదంతా కుప్పలోని వరిగడ్డే.

ఒక ఎకరా వరి బాగా పండితే 20 క్వింటాళ్ల ధాన్యంతోపాటు సుమారు 2,500 కిలోల గడ్డి వస్తుంది. రకాన్ని బట్టి ఇది మారుతుంది. పొట్టి రకాలకు తగ్గుతుంది, స్వర్ణ వంటి దీర్ఘకాలిక రకాలకు కొంత పెరుగుతుంది. ఒక ముర్రా గ్రేడు గేదెకు పచ్చిమేత, దాణా కాక రోజుకు 7 కిలోల వరిగడ్డి కావాలి. ఏడాదికి లెక్కకడితే 2,555 కిలోలు. అంటే ఎకరా వరిగడ్డి ఒక గేదెకు ఒక ఏడాది మేత. మన పెద్దలు ఏ పుస్తకమూ చూడకుండానే రెండెకరాల పల్లం ఉన్నవాడు రెండు గేదెలను కట్టుకోవచ్చునని చెప్పేవారు. ఆ మాటలో ఉన్న లెక్క ఇదే.

ఇంకొక్క అడుగు వేసి చూడండి. కాలువలో ఇంకిపోయేది, ఆవిరయ్యేది కలుపుకొని ఒక టీఎంసీ నీటితో సుమారు 6,000 ఎకరాల వరి పండుతుందని ఉజ్జాయింపు లెక్క. అందుచేత ఒక టీఎంసీ తగ్గితే 6,000 ఎకరాల ధాన్యమే కాదు, 6,000 గేదెల ఏడాది మేత కూడా పోయినట్లే. ఈ రెండో అంకెను నీటిపారుదల సమావేశంలో ఎవరూ చెప్పగా మేము వినలేదు.

నష్టం వరిగడ్డితో ఆగిపోదు. ఉడుపు ఆలస్యమైతే కోత ఆలస్యమవుతుంది. మన రైతులు వరి కోతకు ముందే తడి ఉన్న చేలో మినుము, పెసర చల్లుకుంటారు. కోత డిసెంబరు చివరికి పోతే ఆ తడి మిగలదు. అపరాలు పోతాయి. వాటితో పశువుకు వచ్చే తీగ, పొట్టు కూడా పోతుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు నామమాత్రం. ఆ లోటును కొంతవరకు పూడ్చేది ఈ అపరాల పొట్టే. కనుక నీరు తగ్గిన ఏడు మేత బరువులోనూ, మేత బలంలోనూ రెండు విధాలా లోటు పడుతుంది.

ఒక ఇంటి లెక్క

అంకెలు లేకుండా నష్టం అన్న మాట గాలిలో ఉంటుంది. కాబట్టి శివారు ఊళ్లో రెండెకరాల పల్లం, రెండు గేదెలు ఉన్న ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ధాన్యం ధర క్వింటాలుకు 2,300 రూపాయలు, అంటే 2024-25కు కేంద్రం ప్రకటించిన సాధారణ రకం మద్దతు ధర వేద్దాం. మిగిలిన ధరలు మేము లెక్క కోసం అనుకున్నవి. మీ ఊరి ధరలు వేసుకుంటే మొత్తం మారవచ్చు, దాని పోకడ మాత్రం మారదు.

నీరు సరిపడిన ఏడు ఈ కుటుంబానికి 40 క్వింటాళ్లు పండుతుంది. దాని విలువ 92,000 రూపాయలు. నీరు తగ్గిన ఏడు ఒక ఎకరా ఉడుపు పడదు, రెండో ఎకరా పొట్ట దశలో ఎండి 12 క్వింటాళ్లు ఇస్తుంది. చేతికి వచ్చేది 27,600 రూపాయలు. తేడా 64,400. ఉడుపు పడని ఎకరాకు కూలి, ఎరువు, కోత ఖర్చు మిగిలినందుకు 20,000 రూపాయలు తీసివేద్దాం. విత్తనం, ఆకుమడి, దుక్కి ఖర్చు మాత్రం ఎలాగూ పోయింది. పొలం మీద నికర నష్టం 44,400 రూపాయలు. ఉన్న ఎకరాను కాపాడుకోవడానికి గెడ్డలోంచి ఆయిలింజనుతో నాలుగు తడులు పెట్టి ఉంటే డీజిలు ఖర్చు దీని మీద అదనం. దానిని మేము కలపలేదు.

ఇక శాలలోకి రండి. ఏడాదికి 5,000 కిలోల గడ్డి రావలసింది, ఒక ఎకరా నుంచి 1,500 కిలోలు మాత్రం వచ్చింది. లోటు 3,500 కిలోలు. చైత్ర వైశాఖాల్లో కిలో 6 రూపాయల లెక్కన కొంటే 21,000 రూపాయలు. కొన్నా సరే, ఏ రైతూ పూర్తి లోటును పూడ్చడు. మేత కొంత తగ్గిస్తాడు, దాణా కొంత తగ్గిస్తాడు. గేదెకు పూటకు అరలీటరు చొప్పున, అంటే రోజుకు ఒక లీటరు పాలు తగ్గి, ఆ తగ్గుదల 150 రోజులు నడిచిందనుకుంటే రెండు గేదెలకు 300 లీటర్లు. లీటరు 50 రూపాయల చొప్పున 15,000. ఇంతవరకు ఆ ఏడాది నష్టం. మరుసటి ఏడాది మరొకటి వస్తుంది. దానిని కింద వివరిస్తాం. రెండింటిలో ఒక గేదె ఈత ఐదు నెలలు వెనకబడితే, ఆ 150 రోజులు పాలు లేకుండా మేపిన ఖర్చు రోజుకు 80 రూపాయల లెక్కన 12,000.

శాల నష్టం మొత్తం 48,000 రూపాయలు. పొలం నష్టం 44,400. ఇది చూసి చాలామంది నమ్మరు. మేము కూడా రెండుసార్లు కూడి చూశాం.

ఈ రెండు నష్టాల మధ్య మరో భేదం ఉంది. పంట మూడో వంతు, అంటే 33 శాతం, అంతకు మించి పోయినట్లు తేలి, మండలం కరువు జాబితాలో చేరితే పొలానికి ఎకరాల చొప్పున పెట్టుబడి సాయం అందే వీలుంది. 2015కు ముందు ఇది 50 శాతంగా ఉండేది. వైపరీత్యంలో పశువు చనిపోతే దానికీ నిబంధన ఉంది. పశువు బతికి ఉండి, పాలు తగ్గి, ఈత వెనకబడితే మాత్రం ఏ ఖాతాలోనూ చోటు లేదు. ఆ 48,000 రూపాయలు పూర్తిగా ఆ ఇంటి ఆడవాళ్లు దాచుకున్న పాల డబ్బుల్లోంచే పోతుంది.

ఈత ఎందుకు వెనకబడుతుంది?

ఈ సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఎందుకంటే సంఘాలకు వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇక్కడినుంచే పుడతాయి.

ఆవు ఏడాది పొడవునా ఎదకు వస్తుంది. గేదె అలా కాదు. అది ఎక్కువగా చలికాలంలో, సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎదకు వస్తుంది. ఎండాకాలంలో ఎదకు వచ్చినా అరవదు, తీగ సరిగా వేయదు. రైతు కనిపెట్టలేడు. దీనినే మూగ ఎద అంటాం. గేదె చూడికాలం 310 రోజులు.

సెప్టెంబరులో ఈనిన గేదెను తీసుకోండి. మంచి మేత ఉంటే అది సంక్రాంతి లోపల మళ్లీ కట్టి, ఆ వచ్చే నవంబరు మొదట్లో ఈనాలి. నీరు తగ్గిన ఏడు ఏమవుతుంది? జులై ఆగస్టుల్లో కాలువ రాలేదు. నవంబరు డిసెంబరుల్లో కుప్ప చిన్నదైంది. రైతు ముందుచూపు ఉన్నవాడైతే వేసవికి మిగల్చాలని సంక్రాంతి నుంచే గడ్డి తగ్గిస్తాడు. సరిగ్గా అప్పుడే ఆ గేదె పాలిస్తూ, ఒళ్లు తగ్గుతూ, మళ్లీ ఎదకు రావలసిన సమయం. ఒంట్లో బలం లేని గేదె ముందు పాలు తగ్గిస్తుంది, తరవాత ఎద ఆపుతుంది. ఫిబ్రవరి దాటిపోయాక ఎండలు. మళ్లీ దానికి సరైన ఎద వచ్చేది వానలు పడి, పచ్చిగడ్డి తిన్నాక, సెప్టెంబరు అక్టోబరులో. అప్పుడు కడితే ఈనేది ఆ పై ఏడు జులై ఆగస్టుల్లో.

అంటే ఒక ఏడు ఆగస్టులో కాలువకు రాని నీరు రెండేళ్ల తరవాతి ఆగస్టు దాకా శాలలో ఎద్దడిగా నిలుస్తుంది. ఈత వెనకబడింది తొమ్మిది నెలలు. పై లెక్కలో మేము ఐదు నెలలే వేశాం. ఈ మధ్యలో వచ్చిన ఏడు వానలు బాగా కురిసి, పంట బాగా పండి ఉండవచ్చు. ఊళ్లో అందరూ సంతోషంగా ఉన్న ఆ ఏడు పాలకేంద్రానికి పాలు రాకపోతే సూపర్‌వైజరు కార్యదర్శిని అడుగుతాడు, కార్యదర్శి సభ్యులను అడుగుతాడు, ఎవరి దగ్గరా జవాబు ఉండదు. జవాబు అంతకు ముందటి ఏటి కాలువలో ఉంది.

పేయ దూడల సంగతి మరీ అన్యాయం. మేత చాలనప్పుడు ఇంట్లో మొదట కోత పడేది వాటికే. అప్పుడు ఎదగని పేయ ఏడాది ఆలస్యంగా పడ్డ అవుతుంది. ఆ ఏడాది లెక్క ఎవరు కడతారు?

వెన్న శాతం తగాదా

2,300 రూపాయల ధాన్యంలో తగాదా ఉండదు, తూకం వేస్తే సరిపోతుంది. పాలలో అలా కాదు. మేత చాలని గేదె పాలలో వెన్నేతర ఘనపదార్థాలు తగ్గుతాయి. గేదె పాలకు ఇవి 9 శాతం ఉండాలని ప్రమాణం. మేత లోటు పడిన వేసవిలో కొన్ని ఇళ్ల పాలు ఆ గీత కిందికి దిగుతాయి. పాల పరిమాణం తగ్గినందువల్ల వెన్న శాతం కొన్నిసార్లు కాస్త పెరిగినట్లు కూడా కనబడుతుంది. రెండంకెలు చూసిన పరీక్షకుడు నీళ్లు కలిపారనుకుంటాడు. ఆ మాట పదిమందిలో అంటే ఆ ఇల్లాలు మరునాటి నుంచి పాలు ప్రైవేటు వెండరుకు పోస్తుంది. అప్పటికే సగమైన క్యాను ఇంకా ఖాళీ అవుతుంది.

అందుచేత కార్యదర్శులు గమనించగలరు: ఎద్దడి ఏటి మార్చి నుంచి జూన్ వరకు ఘనపదార్థాలు తగ్గిన ప్రతి నమూనానూ కల్తీగా చూడవద్దు. ఒకే వీధిలో, ఒకే శివారులో పది ఇళ్ల పాలు ఒకేసారి తగ్గితే అది మేత లోటు. ఒక్క ఇంటిదే తగ్గితే విచారించండి. అనుమానం ఉన్నచోట శాలలో మీ ఎదుట పితికించి నమూనా తీస్తే తగాదా అక్కడితో తీరిపోతుంది.

అమ్మితే ఏమవుతుంది?

నీరు తగ్గిన ఏడు నారాయణవలస సంతలో, అలమండ సంతలో, మానాపురం సంతలో పశువులు కిక్కిరిసి ఉంటాయి. అమ్మేవారు ఎక్కువ, కొనే రైతులు తక్కువ. ఒట్టిపోయిన గేదెకు వచ్చే ధర చూసి కడుపు తరుక్కుపోతుంది. మరుసటి ఏడు వానలు కురిసి గడ్డి ఉన్నప్పుడు అందరూ కొనబోతారు, ధర చుక్కలనంటుతుంది. అమ్మిన ధరకూ కొన్న ధరకూ మధ్య తేడా చిన్న రైతు ఒక్క ఏటి పాల ఆదాయాన్ని మింగేస్తుంది. ఆ తేడాకు అప్పు తెస్తే వడ్డీ వేరు.

ఇది మన సంతలకే పరిమితమైన విషయం కాదు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 2011లో తీవ్రమైన అనావృష్టి వచ్చినప్పుడు వందలకొద్దీ పశువులున్న పెద్ద రైతులు కూడా మేత లేక మందలను తెగనమ్ముకున్నారు. అనావృష్టి మిగతా రాష్ట్రాలకూ పాకింది. 2014 జనవరి నాటికి ఆ దేశంలో పశువుల సంఖ్య 1951 తరవాత ఎన్నడూ లేనంతగా పడిపోయింది. ఆ పైన ధరలు మండిపోయాయి, మందలు తిరిగి పెరగడానికి ఏళ్లు పట్టింది. ఆ 2014లోనే కాలిఫోర్నియా రాష్ట్రంలో నీటి ఎద్దడి వల్ల వ్యవసాయానికి కలిగిన నష్టాన్ని అక్కడి విశ్వవిద్యాలయంవారు లెక్కకట్టారు. అందులో పంటల నష్టం 81 కోట్ల డాలర్లు, పాడి పశువుల నష్టం 20 కోట్ల డాలర్లకు పైగా, భూగర్భజలం తోడుకోవడానికి అదనపు ఖర్చు 45 కోట్ల డాలర్లు అని మూడూ విడివిడిగా చూపించారు. వారి దేశం సంగతి వేరు, వారి కమతాలు వేరు. కాని పొలం, శాల, ఇంజను ఈ మూడింటికీ వేరువేరు గడులు పెట్టుకున్న ఆ పద్ధతిని మనం నేర్చుకోవచ్చు.

సంఘం చేయగలిగినది

నీళ్లు తెప్పించడం పాల సంఘం చేతిలో లేదు. మేతను ముందుగా చూసుకోవడం ఉంది. దానికి సమయం ఏప్రిల్ కాదు, నవంబరు. కోతలు కాగానే కార్యదర్శి ఇంటింటికీ తిరిగి ఎన్ని పశువులు, ఎన్ని ఎకరాలు కోశారు అని రెండే ప్రశ్నలు అడిగి రాసుకుంటే చాలు. పశువుకు ఎకరా చొప్పున లేకపోతే ఎన్ని బళ్ల గడ్డి లోటో అప్పుడే తెలుస్తుంది. వేసవిలో 6 రూపాయలయ్యే గడ్డి కోతల నాడు అందులో సగానికే దొరుకుతుంది.

ఇక్కడ మాకు బాధ కలిగించే విషయం ఒకటి ఉంది. కాలువ మొదట్లోని ఊళ్లలో కోత యంత్రాలు వచ్చిన తరవాత గడ్డి చేలోనే చెదిరి పడిపోతోంది. అపరాలు వేసుకునే తొందరలో దానిని కాల్చివేసేవారు ఉన్నారు. అదే కాలువ శివారులో ఇంకొక రైతు గడ్డి లేక గేదెను సంతకు తోలుతున్నాడు. నడుమ ఉన్నది 60, 70 కిలోమీటర్ల దారి. గడ్డి చుట్టే యంత్రంతో మోపులు కట్టిస్తే లారీలో పట్టే గడ్డి రెట్టింపవుతుంది, కిరాయి కలిసివస్తుంది. పై ఊరి సంఘమూ శివారు సంఘమూ ఒకే యూనియను సభ్యులు. ఈ బేరానికి దళారి అక్కరలేదు. పాల డబ్బుల్లోంచి విడతలవారీగా మినహాయించే ఏర్పాటు చేస్తే సభ్యుడు ఒక్కసారి డబ్బు చూసుకోనవసరమూ ఉండదు.

కొన్న గడ్డికి బలం చేకూర్చడానికి యూరియా మాగుడు పద్ధతి ఉంది. నూరు కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీళ్లలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచాలి. తీసిన గడ్డిని గంటసేపు ఆరబెట్టి పెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టరాదు. యూరియాను విడిగా నీళ్లలో గాని దాణాలో గాని కలపడం ప్రాణాపాయం. చాలా ఊళ్లలో ఒకసారి చేసి వాసన పడక, పని ఎక్కువని మానేశారు. ఎద్దడి ఏడు మాత్రం ఆ శ్రమకు ఫలితం దక్కుతుందని మా అభిప్రాయం.

వరి పడని ఎకరాను బీడు పెట్టవద్దు. ఆగస్టు చివరికి నీరు రాదని తేలిపోతే, హస్త లోపల పడే ఒకటి రెండు వానలకే జొన్న, గంటె, ఉలవ, పిల్లిపెసర వంటివి చల్లుకోవచ్చు. వరికి కావలసిన నీటిలో చిన్న భాగంతో ఇవి పశువుకు మేతైనా ఇస్తాయి. జొన్న విషయంలో ఒక్క హెచ్చరిక. నీరు చాలక గిడసబారిన లేత జొన్నలో, కోసిన మోడు నుంచి వచ్చిన పిలకల్లో విషం ఉంటుంది. మన రైతులు నాము అంటారే, అదే. నాము తిన్న పశువు ఊపిరాడక నిమిషాల మీద పడిపోతుంది. పూత పట్టాకే కోయండి. వాడిన జొన్నచేలోకి పశువును తోలకండి. పొరపాటున మేస్తే నాటువైద్యం చూస్తూ కూర్చోక వెంటనే పశువైద్యుణ్ణి పిలవండి. దీనికి సూదిమందు ఉంది, సమయమే ఉండదు.

తాగునీటి సంగతి కూడా మరవకండి. పాలిచ్చే గేదె వేసవిలో రోజుకు 60, 70 లీటర్లు తాగుతుంది. చెరువు ఎండిన ఊళ్లో రెండుపూటలా కుండలతో మోసి పోసేది ఇంటి ఆడవాళ్లే. ఆ బరువు వల్ల నీళ్లు తగ్గిస్తే, దాణా ఎంత పెట్టినా పాలు దిగవు. సంఘం నిధిలో మిగులు ఉన్నచోట పాలకేంద్రం పక్కన ఒక బోరు, ఒక తొట్టి కట్టించడం బోనసు పంచడం కంటే తక్కువ లాభం కాదు.

ఎద కట్టించే విషయంలో, మేత అందరికీ సమానంగా తగ్గించే బదులు ఈని రెండు మూడు నెలలైన గేదెలకు సంక్రాంతి ముందు రెండు నెలలపాటు రోజుకు ఒక కిలో దాణా అదనంగా, కొద్దిగా ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వండి. ఒట్టిపోయి చూడితో ఉన్నవాటికి మొదటి నెలల్లో కొంత తగ్గినా తట్టుకుంటాయి. 60 రోజులపాటు కిలో దాణా ఖర్చును, పై లెక్కలో వెనకబడిన ఈతకు వేసిన 12,000 రూపాయలతో పోల్చి చూసుకోండి.

చివరగా, 1997 చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు మన ఊళ్లలో ఉన్నాయి. వీటికి 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. ఆ సంఘంలోనూ పాల సంఘంలోనూ సభ్యులు చాలావరకు ఒక్కరే. వంతులు నిర్ణయించే సమావేశానికి పాల సంఘం తరఫున ఇద్దరు వెళ్లి, శివారులో ఇన్ని పశువులున్నాయి, వీటికి ఇన్ని ఎకరాల గడ్డి కావాలి అని అంకెలతో చెప్పాలి. నిరుటి పాల రిజిస్టరు, ఈ ఏటి పాల రిజిస్టరు పక్కపక్కన పెట్టి నెలవారీ తేడా తీసిన ఒక్క కాగితం నాలుగు అర్జీల పెట్టు. నష్టం అంచనాకు వచ్చే ఉద్యోగికీ ఆ కాగితం నకలు ఇవ్వండి. ఫారంలో గడి లేకపోయినా దాని వెనక జతపరచవచ్చు.

ఈ ఏటి కోతల తరవాత ఏ సంఘమైనా పశువుల, గడ్డి లెక్క తీస్తే దాని ప్రతిని సమితి కార్యాలయానికి పంపవలసిందిగా మనవి. పై ఊళ్ల మిగులు, శివారు ఊళ్ల లోటు ఒకచోట చేర్చి సంఘాలకు తెలియజేస్తాం. లెక్క జనవరి 15 లోపల అందితేనే బేరానికి సమయం ఉంటుంది.